దూలానికి పట్టిన పొడ

ఆ ఆదివారం అందరం కళ్ళు మూసుకొని ప్రార్థనలో ఉండగా పెద్దక్క కళ్ళు తెరిచింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం మా దగ్గర తప్పే. కాని ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరెవరు కళ్ళు తెరుస్తున్నారో కనిపెట్టడానికి తానొక్కతే తెరవవచ్చని తనకు తానే మినహాయింపు ఇచ్చుకుంది. ఆ వేళ ఆమె చూపు మా మీద నిలవక పైకి పోయింది. "ఆమేన్" అనగానే వేలెత్తి చూపించింది.

"అయ్యగారూ, గా దూలం జూడుండ్రి జర. మన నెత్తి మీద ఏందో మొలిసింది."

అందరం తలలెత్తాం. మందిరం నడిమి దూలానికి, అది ఎడమ గోడలోకి దూరే చోట, గోరంత తెల్లటి విసనకర్రలు వరుసగా అతుక్కొని ఉన్నాయి. పైన నూగు, కింద సన్నటి చీలికలు. వానలకు పుట్టల మీద లేచే గొడుగుల్లాంటివి కావు. వీటికి కాడ లేదు. కట్టెలోంచి చెవులు మొలిచినట్టు బయటికి వచ్చి, మేం అనుకునేదంతా వింటున్నట్టు ఉన్నాయి.

ఆ దూలం మాది. మా ఊరు మంచిర్యాల దాటి ఆసిఫాబాద్‌కు పోయే తొవ్వలో ఉంటుంది. మందిరం కట్టే నాటికి సంఘం కూడబెట్టింది గోడలకే సరిపోయింది. నడిమి దూలం ఎట్లా అని అందరూ మొహాలు చూసుకుంటున్నప్పుడు మా చేను గట్టు మీది నల్లమద్ది గాలివానకు కూలింది. "మనం అడిగినం, దేవుడు పడేసిండు" అని మా ఆయన సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఆ చెట్టు వానాకాలమంతా చేలోనే పడి ఉంది. ఎండలు వచ్చాక కోయించి దూలం చేయించి ఇచ్చాడు. చివర మిగిలిన మొండి ముక్కను కూడా పారేయనివ్వలేదు. దేవునికి పెట్టిన చెట్టు పొయ్యిలోకి పోవద్దన్నాడు. ఆయన పోయిన తర్వాత ప్రతి ఆదివారం ఆ దూలాన్ని చూస్తే ఆయన్ను చూసినట్టే ఉండేది నాకు.

అందుకే పెద్దక్క వేలు పైకి లేచినప్పుడు అది నా మీదికే లేచినట్టనిపించింది.

ఇంటికి పట్టే పొడ గురించి ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. మనిషికి కుష్ఠు పట్టినట్టే ఇంటికీ పొడ పడుతుంది. యాజకుడు వచ్చి ఇల్లు ఖాళీ చేయించి చూడాలి. ఏడు దినాలు మూసి, మళ్ళీ తెరిచి చూడాలి. పొడ వ్యాపించి ఉంటే ఆ రాళ్ళను తీసి ఊరి బయట పడేయాలి, గోడలు గీకించాలి. అప్పటికీ తిరిగి పుడితే ఇల్లే కూల్చాలి. ఆదివారపు బడిలో పిల్లలకు ఆ భాగం చెప్పినప్పుడల్లా వాళ్ళు నవ్వేవాళ్ళు, ఇంటికి కూడా రోగం వస్తుందా అని. నేను నవ్వనిచ్చేదాన్ని కాదు.

మా అయ్యగారు చిన్న వయసువాడు, నెమ్మదస్తుడు. "అక్కా, అవన్నీ పాత నిబంధన మాటలు, కృపకు ముందరివి. బ్లీచింగ్ కొట్టి తుడుద్దాం" అన్నాడు.

సంఘపెద్ద ఒప్పుకోలేదు. "కృప అచ్చిందని కట్టెకు చెద వట్టుడు బంద్ అయిందా అయ్యగారూ? శాస్త్రంల ఉన్నది. మూసి చూద్దాం."

మందిరానికి తాళం పడింది. ఆరాధన బడి అరుగు మీద పెట్టుకున్నాం. ఆ వారమంతా వాన. తాళం తీసేసరికి ఆ తెల్ల చెవులు దూలం వెంట మూరెడు దూరం పాకి ఉన్నాయి. పెంకుల సందుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయని ఎవరో అన్నారు గాని ఆ మాట ఎవరికీ పట్టలేదు. నీళ్ళ కారణం అందరికీ తెలిసిందే. ఇంకా లోపలి కారణం కావాలి మాకు. ఎవరి వల్ల వచ్చింది? అది తేలేదాకా అని మళ్ళీ తాళం వేశారు.

నా కోడలు పుట్టగొడుగుల మనిషి.

ఆ ఎండాకాలమే నా కొడుకు పెళ్ళయింది. కొడుకుకు బొగ్గుబాయి దఫ్తర్‌లో కొలువు. కోడలిది కరీంనగర్. అక్కడి ఒక కాలేజీ ప్రయోగశాలలో పని చేస్తుంది. వారమంతా అక్కడ ఉండి శనివారం బస్సుకు వస్తుంది. వాళ్ళదీ మా విశ్వాసమే, కాని వేరే సంఘం. మనిషి మంచిదే. కాని ఆమె సంచి తెరిస్తే పాత పేపర్లో చుట్టిన పొట్లాలు ఉండేవి. వచ్చిన మొదటి వారమే వాటిని మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది.

"గదేంది బిడ్డా?"

"పుట్టగొడుగులు అత్తమ్మా. తినేటివి కావు, ఎండిన కట్టెను తినేటివి. కొండగట్టు దిక్కు చెట్ల మీద దొరికినయ్."

నేను పొట్లం విప్పి చూశాను. చెవుల్లాంటి తెల్లటి చిన్న విసనకర్రలు. ఎండి ముడుచుకొని ఉన్నాయి. కోడలు వాటి మీద రెండు చుక్కలు నీళ్ళు చల్లింది. కాసేపటికి అవి చచ్చినవి లేచినట్టు విచ్చుకున్నాయి. చనిపోయి లేచే పని ఇటువంటి వాటికి ఎవరిచ్చారు?

"వీటిని ఏం జేస్తవ్?"

"లోపల రాసున్నది సదువుత. జీనోమ్ అంటరు."

"అంటె పుట్టగొడుగుకు జాతకం జూస్తున్నవా?" జాతకాలు మాకు నిషిద్ధం. ఆ మాట కావాలనే అన్నాను.

"జాతకం కాదత్తమ్మా. వంశావళి అనుకో. ఇది ఎవలకు పుట్టింది, కట్టెను కరిగించే ఉపాయం దీనికి యాడికెళ్ళి అచ్చింది, అంత దీని లోపట్నే రాసి ఉంటది. నాలుగే అక్షరాలు. గా నాలుగే మళ్ళమళ్ళ, కోట్ల మీద."

"ఎవలు రాసిండ్రు?"

ఆమె నవ్వింది. "నేను సదివెటిదాన్నే. రాసినోడు ఎవలో నాకన్న నీకే ఎక్కువ ఎరుక."

తప్పు పట్టడానికి దొరకలేదు. అది కూడా అనుమానంగానే తోచింది నాకు.

వంశావళి అన్న మాట మాత్రం నాలో ఉండిపోయింది. లేఖనాల్లో ఫలానావాడు ఫలానావాణ్ని కనెను అని పేజీలకు పేజీలు సాగే భాగాలను అందరూ దాటేస్తారు. నేను దాటనివ్వను. అవి చదవకపోతే ఎవరు ఎవరి వారో తెలియదు. కోడలు రాత్రి అన్నాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుని గంటలకొద్దీ అదే పని చేసేది. మిషన్ తుంటలు తుంటలుగా చదివి ఇస్తుందట. చింపేసిన పుస్తకాన్ని ముక్కముక్క అతికించినట్టు ఆమె వాటిని అతికించాలి. ఒకనాడు అట్లా అతికిస్తూ అతికిస్తూ తల పట్టుకుంది.

"ఏమైంది?"

"ఖరాబైంది అత్తమ్మా. దీంట్ల పెరుగు కలిసింది."

నాకు అర్థం కాలేదు. విప్పి చెప్పింది. ఆమె చదివిన వాటిలో పెరుగు తోడుకునే క్రిమి అక్షరాలు వచ్చాయట. ఫ్రిజ్‌లో పొట్లానికి అంటింది. లేక ఆమె చేతికి అంటింది. ఆ పుట్టగొడుగు మా పెరుగును పాడు చేస్తుందేమోనని నేను నెల నుంచి పరేషాన్. మా పెరుగు ఆమె పుట్టగొడుగును పాడు చేసింది. నెల పనంతా పక్కకు పడేసింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కూడా. "నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదత్తమ్మా, గందుకే గ్లౌజులు" అంది. మరుసటి వారం మూతగట్టి డబ్బా కొనుక్కొచ్చింది.

ఇదంతా ఊళ్ళో దాగే సంగతి కాదు. మందిరానికి రెండోసారి తాళం పడ్డ తర్వాత బడి అరుగు మీద ఆరాధన ముగిసి, చాపలు చుట్టే వేళకు పెద్దక్క అందరికీ వినబడేలా నన్ను అడిగింది.

"నీ కోడలు ఫ్రిజ్‌ల పుట్టగొడుగులు వెడ్తదట గద?"

"సదువు కోసం పెడ్తది."

"యాడియట?"

"కొండగట్టు దిక్కువి."

"అయ్యో, ఎవల దేవుని గుట్ట మీదివో తెచ్చి మన గుళ్ళ పెట్టిందా?" అని చెంపలు వేసుకుంది.

"గుట్టలన్ని దేవునియే అక్కా" అన్నాడు అయ్యగారు.

"గుట్టలు దేవునియే, పుట్టగొడుగులు ఎవలయి? ఎండాకాలం పిల్లల పాఠాలప్పుడు రంగు కాగితాలు ఎవలు కట్టిండ్రు గా దూలానికి? నిచ్చెన ఎక్కింది ఎవలు?"

నిజమే. కొత్త కోడలు ఉత్సాహంగా నిచ్చెన ఎక్కి, సరిగ్గా ఆ ఎడమ కొసకే తోరణం కట్టింది. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే.

కోడలు కొంచెం దూరంలో నిలబడి వింటోంది. ఎవరో, పక్కవాని కంట్లో నలుసు కన్నా ముందు నీ "కంట్ల దూలం" చూసుకొమ్మనే లేఖనం ఎత్తబోతే పెద్దక్క ఆపేసింది. "కంట్ల దూలం సంగతి తర్వాత. ముందు గీ నెత్తి మీది దూలం సంగతి తేల్చుండ్రి. ఎవల వల్ల అచ్చిందో తేలేదాక గా పిల్ల బల్లకు రావద్దు."

బల్ల అంటే ప్రభువు భోజనం. మందిరం శుద్ధి చేసి తెరిచిన నాడు బల్ల ఉంటుంది. దానికి దూరం పెడితే సంఘానికే దూరం పెట్టినట్టు. ఆమె రాకపోతే నా కొడుకూ రాడు. ఇద్దరూ కరీంనగర్ పోయి వాళ్ళ సంఘంలో కలిసిపోతారు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆ మాట అన్న తర్వాతి ఆదివారం నుంచి ఆడవాళ్ళ చాప మీద కోడలి చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఎవరూ లేచి పొమ్మనలేదు. ఆమె పక్కన కూర్చోలేదు, అంతే. చాప అంచున నేను, నా పక్కన ఆమె, ఆ తర్వాత ఉత్త చాప.

పక్కన కూర్చున్నానే గాని నాకు అనుమానం లేదని కాదు. నాకే అందరికన్నా ఎక్కువ అనుమానం. ఫ్రిజ్ నాది, నిచ్చెన పట్టిన చేతులు నావి. అనుమానం పాపమని లేఖనంలో నాకెక్కడా కనబడలేదు. బాగా విచారించకుండా తీర్పు చెప్పడమే పాపం. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడాలి. నేను విచారించాలనుకున్నాను.

దారి కోడలే చూపించింది. దూలం మీది దాన్ని, తన కొండగట్టు దాన్ని పక్కపక్కన పెంచి చూపిస్తానంది. అయ్యగారే నిచ్చెన ఎక్కి ముక్క తెంపి ఇచ్చాడు. కొన్ని వారాల తర్వాత ఆమె మూత ఉన్న ఒక పలుచటి గాజు పళ్ళెం తెచ్చి బడి అరుగు మీద పెట్టింది. అయ్యగారు, సంఘపెద్ద, పెద్దక్క, నేను వంగి చూశాం. దూదిలాంటి తెల్లటి బిళ్ళలు రెండు, ఒకదాని వైపు ఒకటి పెరుగుతూ వచ్చి ఆగిపోయాయి. నడుమ స్పష్టంగా ఒక గీత.

"ఒకటే పాణమైతే కలిసిపోతయి. వేరైతే గిట్ల గట్టు వేసుకుంటయి" అంది కోడలు.

"మా అన్నదమ్ముల లెక్కనే" అన్నాడు సంఘపెద్ద. ఆయనకూ ఆయన తమ్ముడికీ చేను గట్టు దగ్గర మాటల్లేవు. అందరూ నవ్వారు. అయ్యగారు తేలిగ్గా ఊపిరి వదిలి "దేవునికి స్తోత్రం. ఐతె మన కోడలుది కాదు" అన్నాడు.

అక్కడితో అయిపోయేది. పెద్దక్క కూడా కొంగు సర్దుకొని లేవబోయింది. కోడలు పళ్ళెం మీద మూత పెట్టి అంది.

"అట్ల కాదు అయ్యగారూ. పెద్దయ్య అన్నదే నిజం. అన్నదమ్ములు గూడ గట్టు వేసుకుంటరు. నా పొట్లంలకెళ్ళి ఇత్తుల లెక్కటి పొడి రాలి, గా దూలం మీద మొలిసిన పిల్ల అయినా తల్లితోని గిట్లనే గీత గీసుకుంటది. ఇది సరిపోదు. లోపలిది సదవాలె. అప్పుడు తల్లో పిల్లో పరాయిదో తెలుస్తది."

పెద్దక్క మళ్ళీ కూర్చుంది.

"చూసిండ్రా, ఆమే ఒప్పుకుంటుంది."

"ఒప్పుకుంట లేను పెద్దమ్మా. తెలువదంటున్న."

ఇంటికి వచ్చే దారంతా నేను ఆ మాటనే తిప్పితిప్పి చూసుకున్నాను. తప్పించుకునే తలుపు తెరిచి ఉండగా తానే ఎందుకు మూసుకుంది? నిజాయితీనా? లేక గడువు అడిగే ఎత్తా? చదివేది ఆమె, చెప్పేది ఆమె. ఆ నాలుగు అక్షరాలు మాలో ఎవరికి వచ్చు? తన గురించి తానే చెప్పే సాక్ష్యం ఎక్కడ చెల్లుతుంది? దానికి రెండో సాక్షి కావాలి. ఆ సాక్షిని నేనే కావాలని నిర్ణయించుకున్నాను. కాని కోడలికి తెలియకుండా.

"దూలం మీది ముక్క మళ్ళ కావాలె గద, నేనే తెంపి ఇస్త" అన్నాను. "ఎవలూ నిన్ను మాట అనకుంట ఉంటది. మూడు పొట్లాలిస్త. ఏది యాడిదో చెప్ప."

కోడలు నా మొహం చూసింది. "మంచిదే అత్తమ్మా. చెప్పకు" అంది. సంతోషంగానే అంది.

మూడు పొట్లాలు మూడు రంగుల దారాలతో కట్టాను. తెల్ల దారం పొట్లంలో మందిరం దూలం మీది ముక్క. ఎర్ర దారం పొట్లంలో బడి వెనుక మోడు మీద దొరికిన ముక్క. నల్ల దారం పొట్లంలో మా పెరట్లో బట్టలుతికే చోట పడి ఉన్న మొద్దు మీది ముక్క. మూడు చోట్లా అవే తెల్ల చెవులు. వానాకాలంలో వెతికితే ఎక్కడైనా ఉన్నాయి, అంతకు ముందు నేనెన్నడూ వెతకలేదు. నా లెక్క తేలికైనది. ఊరికి ఆ చివర మందిరం, ఈ చివర మా ఇల్లు, నడుమ బడి. మూడూ వేరువేరు అని చెబితే ఆమె నిజంగా చదివినట్టు. చదవకుండా నోటికొచ్చింది చెబితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

నెల దాటింది. వానలు తగ్గాయి. మందిరం తాళానికి తుప్పు పట్టింది. ఆ రోజుల్లో కోడలు నాకు చాలా సంగతులు చెప్పింది, అడగకున్నా. ఈ పుట్టగొడుగు లోపల కట్టెను కరిగించే కత్తులు ఎన్నో ఉన్నాయట. ఇటువంటివి లేకపోతే పడిన చెట్టు పడినట్టే ఉండి అడవంతా పీనుగల గుట్ట అయ్యేదట. మన్నైనది తిరిగి మన్నుకు చేరడానికి దేవుడు పెట్టిన పనివాళ్ళన్నమాట అనుకున్నాను. ఆ మాట బాగానే ఉంది. కాని ఇంకోనాడు, వీటిలో ఆడ మగ అని రెండే ఉండవు, జతకట్టే రకాలు వేలల్లో ఉంటాయని చెప్పింది. నేను చేతిలో చాట కింద పెట్టాను.

"గీ ముచ్చట స్త్రీల సమాజంల చెప్పకు."

"చెప్ప అత్తమ్మా."

"పెద్దక్కకైతే అసలే చెప్పకు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను అనుకున్నాను, ఈ పిల్ల అబద్ధాలు చెప్పేది కాకుంటే ఎంత బాగుండు.

ఒక శనివారం బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే లాప్‌టాప్ తెరిచింది. "రేపు అందరికి చెప్త. ముందు నీకు. మూడిట్ల ఏదీ నా కొండగట్టు దాని పిల్ల కాదు. చుట్టం కూడ కాదు. మా కాలేజీ మేడమ్ కూడ చూసింది, కని ఆమె గీడికి అచ్చి చెప్పదు గద."

నేను తలూపాను. ఇట్లాగే చెబుతుందని అనుకున్నదే.

"ఇంకొకటి" అంది. "తెల్ల దారందీ నల్ల దారందీ ఒకటే. ఒకటే జాతని కాదు. ఒకటే పాణం. రెండు పేజీలు పక్కపక్కన వెట్టినట్టు అక్షరం అక్షరం కలిసింది. నాకు అనుమానమొచ్చి మళ్ళ మొదటి నుంచి చేసిన, మళ్ళ గట్లనే అచ్చింది. ఒక్కచోటనే రెండు ముక్కలు తెంపి నన్ను పరీక్ష జేసినవా అత్తమ్మా?"

దొరికింది అనుకున్నాను. తెల్ల దారానిది మందిరం, నల్ల దారానిది మా పెరడు. నడుమ ఊరంతా ఉంది. రెండూ ఒకటెట్లా అవుతాయి? చదవలేదు, కల్పించింది. ఇన్నాళ్ళ నా అనుమానం నిజమైనందుకు నాకు ఒక క్షణం సంతోషం కూడా కలిగింది, చెప్పడానికి బాగుండదు గాని. "చాయ్ పెడ్త" అని లేచి పెరట్లోకి పోయాను, మొహం కనబడకుండా.

బట్టలుతికే బండ పక్కన మొద్దు ఉంది. ఎన్నో ఏండ్లుగా దాని మీద కూర్చునే బట్టలు పిండుతున్నాను. నా కంటికి అది మొద్దు, అంతే. ఆ సాయంత్రం దాని కోసిన ముఖం మీద సూర్యుడు పడి వలయాలు కనిపించాయి. ఆ వలయాల నడుమ నుంచి పగులు, పగులు వెంట తెల్ల చెవులు. దీన్ని ఎడ్లబండి మీద తెచ్చి దించిన రోజు గుర్తొచ్చింది. దేవునికి పెట్టిన చెట్టు పొయ్యిలోకి పోవద్దని మా ఆయన అన్న మాట గుర్తొచ్చింది.

దూలం కోయగా మిగిలిన ముక్క అది. చెట్టు ఒకటే.

అట్లాగే మొద్దు మీద కూర్చుండిపోయాను. కోడలికి ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. తెల్ల దారం ఎక్కడిదో, నల్ల దారం ఎక్కడిదో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. తెలియకుండా చదివి, ఆ రెండూ ఒకటే అని చెప్పింది. తప్పు వచ్చిందేమోనని తనను తాను అనుమానించి మళ్ళీ చదివింది. నాకు కావలసిన రెండో సాక్షి దొరికింది. ఆ సాక్షి నా కొంగు కిందే కూర్చుని ఉంది.

పొడ నా కోడలు తేలేదు. నిచ్చెన ఎక్కక ముందే, మందిరం కట్టక ముందే, చెట్టు మా చేలో వానకు నానుతూ పడి ఉన్నప్పుడే అది కట్టె లోపలికి పోయింది. దూలం ఎండి ఉన్నన్నాళ్ళు ముడుచుకొని పడుకుంది. పెంకుల సందు నుంచి నీళ్ళు దిగగానే విచ్చుకుంది. దేవుడు పడేసిన చెట్టు అని మా ఆయన ఇచ్చిన సాక్ష్యం ఆ దూలమే. ఇప్పుడు నేను లేచి నోరు తెరిస్తే ఆయన దూలం ఊరి బయటికి పోతుంది. నోరు తెరవకపోతే కోడలి మాటకు సాక్షి లేడు.

చాయ్ పెట్టడం మరచిపోయానని కోడలే వచ్చి పిలిచింది.

మరునాడు బడి అరుగు మీద కోడలు నిలబడి తన మాట చెప్పింది. వంశావళి లెక్కన చెప్పింది, నాకు చెప్పినట్టే. పెద్దక్క వింటూ వింటూ ముక్కు విరిచింది.

"దొంగను వట్టుమని దొంగకే చెప్పినట్టున్నది మనది. ఆమే సదివిందట, ఆమేది కాదట. మాకేం ఎరుక?"

కొందరు అవునన్నట్టు తలూపారు. అయ్యగారు నేలచూపులు చూస్తున్నాడు.

నేను లేచాను. మా దగ్గర సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు వచ్చి సంఘం వైపు తిరిగి నిలబడాలి. నిలబడ్డాను. మూడు పొట్లాల సంగతి చెప్పాను. ఆమెను పట్టుకోవాలనే ఇచ్చానని కూడా చెప్పాను. కోడలు తలెత్తి నన్ను చూసింది. ఏ దారం ఎక్కడిదో అప్పుడే ఆమెకు మొదటిసారి తెలిసింది. తెలిసిన వెంటనే ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"తెల్లది గీ గుడి దూలందీ, నల్లది మా పెరట్ల మొద్దుదీ. రెండు ఒకటే అన్నది. ఆమెకు తెల్వదు, నాకు తెలుసు. గా మొద్దు గీ దూలం కోసిన చెట్టుదే. పొడ మా దూలంతోనే అచ్చింది. మా ఇంటికెళ్ళే అచ్చింది, కని మా కోడలు తేలే."

సంఘపెద్ద మెల్లగా అడిగాడు. మా ఆయనకు ఆయన మంచి దోస్తు. "అయితే చెల్లే, దేవుడు పడేసిన చెట్టుకే పొడ పెట్టిండా?"

ముందు రాత్రంతా నేను నన్ను అడుక్కున్నదీ అదే. "దేవుడు పడేసిండు అన్నా" అన్నాను. "వానల పండవెట్టింది మేము."

ఆయన అయ్యగారి వైపు తిరిగాడు. "శాస్త్రంల ముందుగాల ఇల్లు కూలగొట్టుమని లేదు. పొడ పట్టిన రాళ్ళు తీయుమని ఉన్నది. దూలం తీద్దాం."

దూలం దించిన రోజు మగవాళ్ళంతా భుజం పట్టారు. వాగు అవతల, ఊరి బయట పడేశారు. మా మొద్దును నేనే బండి మీద పంపాను. ఇప్పుడు మందిరానికి ఇనుప దూలం ఉంది. పెంకులు తీసి రేకులు వేశారు. దాన్ని చూస్తే నాకు ఎవరూ గుర్తు రారు. ఒకటి మాత్రం చెప్పాలి. దూలం మోసుకుపోతున్న వాళ్ళ వెనకాల కోడలు పాత పేపరు పట్టుకొని నడిచింది. "ఒక్క ముక్క అత్తమ్మా, మామయ్య చెట్టుది" అంది. అది ఇప్పుడు కరీంనగర్‌లో ఒక గాజు పళ్ళెంలో పెరుగుతోంది. ఆయన చెట్టును తిన్నదే ఆయన చెట్టు గుర్తుగా మిగిలింది. ఇది దేవుని హాస్యమో కోడలి తెలివో నాకు ఇంకా అనుమానమే. మా ఫ్రిజ్‌లో మాత్రం పెట్టనివ్వలేదు.

మందిరం తెరిచిన నాడు బల్ల సిద్ధం చేశారు. ఆడవాళ్ళ చాప మీద కోడలి చుట్టూ పాత అలవాటు కొద్దీ ఖాళీ అట్లాగే ఉంది. నేను సాక్ష్యం చెప్పాను గాని మనుషులు జరిగి కూర్చోవడం సాక్ష్యంతో అయ్యే పని కాదు. ప్రార్థన మొదలైన తర్వాత పెద్దక్క ఆలస్యంగా వచ్చింది. రొప్పుతూ వచ్చి, ఎక్కడా చోటు లేనట్టు చుట్టూ చూసి, ఆ ఖాళీలో దబ్బున కూర్చుంది. కోడలి చెవి దగ్గరికి వంగింది.

"మా దర్వాజ కింద గూడ తెల్లగ ఏందో లేసింది పిల్లా. నీది కాదు గద?"

"సదివితేనే ఎరుకైతది పెద్దమ్మా."

"అయితే పొద్దుగూకంగ రా జర. చేతులు కడుక్కొని రా."

ప్రార్థనలో కళ్ళు తెరవడం మా దగ్గర తప్పే. ఆ వేళ మేం ముగ్గురం తెరిచే ఉన్నాం.